కంపెనీ నుంచి మీ డేటా లీకైతే: చేయాల్సిన పనులు, చేయాల్సిన వరుసలో

మీరు వివరాలు ఇచ్చిన ఏదో కంపెనీ నుంచి డేటా లీకైందని తెలియగానే "ఖాతాలో డబ్బు ఉందా, పోయిందా" అని చూసుకుంటారు. చూసుకోండి, తప్పులేదు. కానీ పేరు, ఫోన్ నంబరు, చిరునామా బయటికి పోయినంత మాత్రాన డబ్బు కదలదు. అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. మీ పూర్తి పేరు, పోయిన నెలలో మీరు కొన్న వస్తువు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఇంటి నంబరు అన్నీ తెలిసినవాడు మీకు ఫోన్ చేస్తాడు. ఇన్ని తెలిసినవాడు కంపెనీ మనిషి కాక ఇంకెవరు అనిపిస్తుంది. మిగిలిన ఆ ఒక్క ఓటీపీని మీ నోటితోనే చెప్పిస్తాడు.

అందుకే లీక్ తర్వాత చేయాల్సినవి రెండు రకాల పనులు. పాస్‌వర్డు, కార్డు నంబరు లాంటివి మార్చగలం కాబట్టి వెంటనే మార్చి, దొంగ చేతిలో ఉన్నవాటిని చెల్లకుండా చేయాలి. పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు నంబరు, పాత చిరునామా లాంటివి మార్చలేం. కాబట్టి అవి తెలిసినంత మాత్రాన ఎవరినీ నమ్మకూడదు. మొదటి పని ఒక పూటలో అయిపోతుంది. రెండోది అలవాటుగా మారాలి.

ముందు ఏం పోయిందో తెలుసుకోవాలి

లీక్ గురించి వచ్చిన మెయిల్‌లోని లింకు నొక్కకండి, ఆ మెయిల్ నిజమైనదే అయినా సరే. కంపెనీ వెబ్‌సైట్ చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి, లేదా ఫోన్‌లో ఇదివరకే ఉన్న యాప్ తెరవండి. లీక్ వార్త వచ్చిన కొద్దిసేపటికే దాని పేరు మీద నకిలీ సైట్లు పుడతాయి. 2017లో అమెరికాలో జనం అప్పుల చరిత్ర నమోదు చేసే ఈక్విఫాక్స్ అనే కంపెనీ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అప్పుడు బాధితుల కోసం కంపెనీ 'ఈక్విఫాక్స్ సెక్యూరిటీ 2017' అనే పేరుతో ఒక సైట్ పెట్టింది. నకిలీ సైట్ పెట్టడం ఎంత తేలికో చూపించడానికి ఒక ప్రోగ్రామర్ ఆ పేరులోని మాటలు అటూ ఇటూ చేసి ఇంకో సైట్ పెట్టాడు. చివరికి కంపెనీ సొంత ట్విటర్ ఖాతా నుంచే కస్టమర్లకు ఆ తప్పుడు సైట్ లింకు వెళ్లింది, అదీ ఒకసారి కాదు. కంపెనీ ఉద్యోగులకే తేడా తెలియనప్పుడు హడావుడిలో ఉన్న మనకు తెలియకపోవడంలో వింత లేదు. లింకు పరీక్షించడం కంటే లింకు నొక్కకపోవడమే మేలు.

ప్రకటనలో రెండు విషయాలు వెతకండి: ఏయే వివరాలు పోయాయి, చొరబాటు ఎప్పుడు జరిగింది. ప్రకటన తేదీ, చొరబాటు తేదీ ఒకటి కావు. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. యాహూలో 2013లో జరిగిన చొరబాటు 2016 డిసెంబరులో బయటపడింది. అప్పటికి ఉన్న 300 కోట్ల ఖాతాలూ పోయాయని 2017లో గానీ తేలలేదు. అంటే చొరబాటు తేదీ తర్వాత మీరు పాస్‌వర్డు మార్చారా లేదా అన్నది చూసుకోవాలి, వార్త తేదీని బట్టి కాదు.

"పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, ఆందోళన వద్దు" అని రాసి ఉంటే ఆగిపోకండి. చాలా కంపెనీలు పాస్‌వర్డును హాష్ చేసి దాచుకుంటాయి. అంటే దాన్ని వెనక్కి తిప్పలేని ఒక అంకెల అక్షరాల వరుసగా మారుస్తాయి. దొంగ దాన్ని వెనక్కి తిప్పడు. కోట్ల కొద్దీ ఊహలను అదే పద్ధతిలో హాష్ చేసి ఏది సరిపోలిందో చూస్తాడు. బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటి పద్ధతులను కావాలనే నెమ్మదిగా ఉండేలా తయారు చేశారు, వాటితో ఊహించడం కష్టం. పాత పద్ధతి షా-1 వాడితే, పైగా హాష్ చేసే ముందు ఒక్కో పాస్‌వర్డుకు వేరే 'సాల్ట్' (ఏవో కొన్ని అదనపు అక్షరాలు) కలపకపోతే, చిన్న పాస్‌వర్డులు ఇట్టే బయటపడతాయి. 2012లో లింక్డిన్‌లో జరిగింది ఇదే. మొదట 65 లక్షల హాష్‌లు బయటపడ్డాయని వార్త వచ్చింది. 2016లో 11.7 కోట్ల మంది ఈమెయిళ్లు, పాస్‌వర్డులు అమ్మకానికి వచ్చాయి. కాబట్టి ప్రకటనలో 'హాష్' అన్నా, 'ఎన్‌క్రిప్ట్' అన్నా మీ పాస్‌వర్డు పోయిందనే లెక్క వేసుకోండి.

మీ ఈమెయిల్ ఏయే లీకుల్లో ఉందో చూడడానికి భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్' సైట్ ఉంది. అక్కడ ఈమెయిల్ ఇస్తే చాలు. ఫలితం ఏమీ రాకపోతే మీరు భద్రం అని అర్థం కాదు, ఆ సైట్‌కు చేరిన లీకుల్లో లేరని మాత్రమే. ఇలాంటి సేవ అని చెప్పుకుంటూ ఈమెయిల్, పాస్‌వర్డు రెండూ ఒకేచోట అడిగే సైట్ కనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

ఈమెయిల్‌తో మొదలుపెట్టండి, బ్యాంకుతో కాదు

చాలా సైట్లలో "పాస్‌వర్డ్ మర్చిపోయారా" అని నొక్కితే లింకు వచ్చేది మీ ఈమెయిల్‌కే. అది దొంగ చేతిలో ఉండగా మిగతా పాస్‌వర్డులు ఎన్ని మార్చినా వాడు మళ్లీ మారుస్తాడు.

ఇక్కడ వరుస ముఖ్యం. చాలామంది నేరుగా పాస్‌వర్డు మార్చేసి అయిపోయిందనుకుంటారు. ముందు సెట్టింగ్స్‌లో రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ చూడండి. మీది కానిది ఉంటే తీసేయండి, లేకపోతే దాని ద్వారానే కొత్త పాస్‌వర్డును కూడా మార్చేస్తాడు. తర్వాత ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. ఈ చోటును దాదాపు ఎవరూ చూడరు. లోపలికి వచ్చిన దొంగ "బ్యాంకు", "ఓటీపీ", "పాస్‌వర్డ్ మారింది" అన్న మాటలున్న మెయిళ్లు నేరుగా ట్రాష్‌కు పోయేలా ఒక ఫిల్టర్ పెట్టి వెళ్తాడు. మీకు హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, మీ కంటపడవు. మీరు పెట్టని ఫిల్టర్ ఏదున్నా తొలగించండి. అప్పుడు పాస్‌వర్డు మార్చి, "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" నొక్కండి. మీ మెయిల్ చదివే అనుమతి ఇచ్చిన బయటి యాప్‌ల జాబితా కూడా ఉంటుంది. గుర్తుపట్టలేనివాటికి అనుమతి రద్దు చేయండి, కొన్ని యాప్‌ల అనుమతి పాస్‌వర్డు మార్చినా కొనసాగుతుంది.

పాస్‌వర్డులు

లీకైన ఈమెయిల్, పాస్‌వర్డు జతలను దొంగలు కూర్చుని ఒక్కొక్కటి టైపు చేయరు. ప్రోగ్రామ్ ఆ జాబితాను వందల సైట్లలో తనంతట తానే ప్రయత్నిస్తుంది. అదే పాస్‌వర్డు ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడా తలుపు తెరుచుకుంటుంది. చివర 1 బదులు 2 పెట్టడం, మొదటి అక్షరం పెద్దది చేయడం, ఆశ్చర్యార్థకం తగిలించడం పనిచేయవు. ఈ మార్పులన్నీ ఆ ప్రోగ్రాముల్లో ముందే ఉంటాయి.

మీ పాస్‌వర్డులన్నీ దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి. ఫోన్‌తోనో బ్రౌజర్‌తోనో వచ్చేదైనా పర్వాలేదు. పొడవైన పాస్‌వర్డులను సైట్‌కొకటి చొప్పున అదే తయారు చేస్తుంది. మేనేజర్‌కు పెట్టే ముఖ్యమైన పాస్‌వర్డు ఒక్కటి మాత్రం మీకు గుర్తుండాలి. దానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి కలపండి. పాట పల్లవో, సామెతో, పద్యపాదమో వద్దు, అందరికీ తెలిసిన వరుస కాబట్టి ఊహించడం తేలిక. ఆ మాటలు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ముఖ్యమైన పత్రాలతో పాటు దాచుకోవడంలో తప్పు లేదు. లీకుల వ్యాపారం చేసేవాడు మీ బీరువా దాకా రాడు.

మార్చే వరుస: ఈమెయిల్ తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మొబైల్ కంపెనీ ఖాతా, ఫొటోలూ పత్రాలూ ఉన్న క్లౌడ్, సోషల్ మీడియా, చివరగా షాపింగ్ సైట్లు. "మీ అమ్మగారి పుట్టింటి పేరు" లాంటి భద్రతా ప్రశ్నలకు నిజం చెప్పకండి. నిజం లీకైతే మార్చలేం. ఏదో కల్పిత జవాబు ఇచ్చి మేనేజర్‌లో రాసుకోండి. నెలనెలా పాస్‌వర్డు మార్చే అలవాటు అక్కర్లేదు. అలా మార్చేవాళ్లు తేలిక పాస్‌వర్డులకు దిగుతారు. లీకైనప్పుడు మార్చడం తప్పనిసరి.

రెండో అంచె భద్రత అన్నిచోట్లా ఆన్ చేయండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఏమీ లేకపోవడం కంటే నయం. ఆథెంటికేటర్ యాప్ ఇంకా నయం. అది 30 సెకన్లకోసారి కొత్త 6 అంకెల కోడ్‌ను ఫోన్‌లోనే తయారు చేస్తుంది, సిమ్‌తో పనిలేదు. కానీ ఆ కోడ్ కూడా నకిలీ పేజీలో టైపు చేస్తే దొంగ అదే క్షణంలో అసలు సైట్‌లో వాడేస్తాడు. పాస్‌వర్డు బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీకి గానీ, యూఎస్‌బీ సెక్యూరిటీ కీకి గానీ ఈ లోపం లేదు. అవి సైట్ అసలు చిరునామాకు ముడిపడి ఉంటాయి కాబట్టి నకిలీ సైట్‌లో పనిచేయవు. ఈమెయిల్‌కైనా పాస్‌కీ పెట్టుకోండి. బ్యాకప్ కోడ్లు తీసి కాగితం మీద ఉంచండి. ఫోన్ పోయినప్పుడు ఆ కోడ్లు లేక తమ ఖాతాలోకి తామే వెళ్లలేనివాళ్లు చాలామంది.

మీరు లాగిన్ కాకుండానే "మీరేనా?" అని ఫోన్‌లో మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ముఖ్యంగా అర్ధరాత్రి, విసిగిపోయి "అవును" నొక్కకండి. అది వచ్చిందంటే మీ పాస్‌వర్డు ఎవరికో ఇప్పటికే తెలిసి ఉండవచ్చు. "కాదు" నొక్కి పాస్‌వర్డు మార్చండి.

ఫోన్ నంబరు

మీ వివరాలన్నీ చెప్పి, మొబైల్ కంపెనీని నమ్మించి, మీ నంబరు మీద కొత్త సిమ్ తీసుకోవడాన్నే సిమ్ స్వాప్ అంటారు. పక్కవాళ్లకు సిగ్నల్ ఉండి మీ ఫోన్‌కే హఠాత్తుగా పోతే, రీస్టార్ట్ చేసినా రాకపోతే, రేపు చూద్దాంలే అనుకోకండి. వేరే ఫోన్ నుంచి మొబైల్ కంపెనీకి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి. ముందు జాగ్రత్తగా మీ కంపెనీలో సిమ్ మార్పిడికి విడిగా పిన్‌గానీ లాక్‌గానీ పెట్టే సౌకర్యం ఉంటే పెట్టించుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే 'సిమ్ లాక్' వేరు. అది ఫోన్ దొంగతనం జరిగినప్పుడు పనికొస్తుంది, సిమ్ స్వాప్‌ను ఆపదు.

ఇంకో ఎత్తు కాల్ ఫార్వర్డింగ్. "ఈ కోడ్ డయల్ చేస్తే మీ నంబరు భద్రమవుతుంది" అని స్టార్‌తో మొదలయ్యే కోడ్ ఇస్తారు, చివర వాళ్ల నంబరు ఉంటుంది. అది నొక్కితే మీ కాల్స్ వాళ్లకు వెళ్తాయి, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలతో సహా. చాలా జీఎస్ఎమ్ నెట్‌వర్కుల్లో *#21# నొక్కితే అన్ని కాల్స్‌నూ మళ్లించే ఫార్వర్డింగ్ ఉందో లేదో కనిపిస్తుంది, ##002# నొక్కితే ఉన్నవన్నీ రద్దవుతాయి. వాట్సాప్‌లో 6 అంకెల టూ-స్టెప్ పిన్ పెట్టుకోండి. ఎస్సెమ్మెస్ కోడ్ పోయినా ఆ పిన్ లేనిదే వేరే ఫోన్‌లో ఖాతా వెంటనే తెరుచుకోదు.

ఆ ఫోన్ కాల్ ఎలా నడుస్తుందంటే

"నమస్తే అండీ, మీ ఖాతా గురించి మాట్లాడుతున్నాను. మా డేటా సమస్య గురించి వార్తల్లో చూసే ఉంటారు. కంగారు పడకండి, మీ ఖాతా భద్రం చేయడానికే ఫోన్ చేశాను. మీ కార్డు చివరి అంకెలు 4417 కదండీ?"

"అవునండీ."

"పుట్టిన సంవత్సరం కూడా సరిపోయింది. ఇప్పుడే ఎవరో మీ కార్డుతో కొనబోతున్నారు. దాన్ని రద్దు చేయడానికి మీ ఫోన్‌కు ఒక కోడ్ పంపాను, చెప్పండి."

ఇందులో అబద్ధం తను ఎందుకు ఫోన్ చేశాడన్నదీ, ఆ కోడ్ దేనికన్నదీ. మీ గురించి చెప్పినవన్నీ నిజాలు, అందుకే గాలం పనిచేస్తుంది. కోడ్ దాకా వాడు మిమ్మల్ని ఏ వివరమూ అడగలేదు. తనకు తెలిసినవి చెప్పి "అవును" అనిపించాడు. మూడుసార్లు అవునన్నాక నాలుగోసారి కాదనడం కష్టం. ఆ కోడ్ వాడు పంపింది కాదు. మీ ఖాతాలోకి వెళ్లబోతూనో, మీ కార్డుతో కొనబోతూనో వాడు నొక్కిన బటన్ వల్ల మీ బ్యాంకే పంపింది. ఎస్సెమ్మెస్ మొత్తం చదవండి. దేనికి పంపారో, ఎంత మొత్తానికో, ఎవరికీ చెప్పవద్దనో చాలాసార్లు అందులోనే ఉంటుంది. అంకెలు ఒక్కటే చూసి చదివేస్తాం కాబట్టే మోసపోతాం.

స్క్రీన్ మీద బ్యాంకు పేరు కనిపించడం రుజువు కాదు, కాల్ వచ్చే నంబరునూ ఎస్సెమ్మెస్ పంపినవారి పేరునూ మార్చి చూపించవచ్చు. నకిలీ ఎస్సెమ్మెస్ ఒక్కోసారి అసలు బ్యాంకు మెసేజ్‌ల కిందే వరుసలో వచ్చి పడుతుంది.

చేయాల్సింది ఒక్కటే. "సరేనండీ, నేనే బ్యాంకుకు ఫోన్ చేస్తాను" అని పెట్టేయండి. కార్డు వెనక ఉన్న నంబరుకో, యాప్‌లో ఉన్న నంబరుకో చేయండి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు వద్దు, వాటిలో నకిలీవి చాలా తిరుగుతుంటాయి. ల్యాండ్‌లైన్ అయితే వేరే ఫోన్ వాడండి. కొన్ని లైన్లలో అటువైపువాడు పెట్టేదాకా కాల్ తెగదు, మీరు బ్యాంకు నంబరు నొక్కినా మళ్లీ వాడే పలుకుతాడు. నిజంగా బ్యాంకు మనిషే అయితే మీరు ఫోన్ పెట్టేస్తానంటే అభ్యంతరం చెప్పడు. "లైన్‌లోనే ఉండండి, పెడితే డబ్బు పోతుంది, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకండి" అన్నాడంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్ పెట్టమంటే పెట్టకండి. అవి మంచి పనుల కోసం తయారైనవే, కానీ వాటితో అవతలివాడు మీ స్క్రీన్ మీద ఓటీపీ వస్తుంటే నేరుగా చదువుతాడు. డబ్బును "సేఫ్ అకౌంట్‌"కు మార్చమనే బ్యాంకు ఎక్కడా లేదు. నష్టపరిహారం, రిఫండ్ పేరుతో పిన్ అడిగితే అదీ మోసమే. మీ ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

లింకు చూసి తీరాల్సి వస్తే, https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. "కంపెనీపేరు.రిఫండ్‌హెల్ప్.కామ్" అని ఉంటే ఆ సైట్ కంపెనీది కాదు, 'రిఫండ్‌హెల్ప్' అనే పేరు కొనుక్కున్నవాడిది. పాస్‌వర్డ్ మేనేజర్ ఇక్కడ ఇంకో మేలు చేస్తుంది. రోజూ తనే నింపే పాస్‌వర్డును ఈరోజు నింపకపోతే, ఆ చిరునామా తనకు తెలియదని అర్థం. అప్పుడు చేత్తో టైపు చేయకండి.

పోస్టులో వచ్చిందంటే నిజమే అనుకోవడానికీ లేదు. క్రిప్టో కరెన్సీని భద్రపరిచే పరికరాలు అమ్మే లెడ్జర్ అనే కంపెనీ నుంచి 2020లో కస్టమర్ల చిరునామాలు పోయాయి. 2021లో కొందరి ఇళ్లకు కంపెనీ పేరుతో ఉత్తరంతో సహా నకిలీ పరికరాలే వచ్చాయి, పాతది మార్చుకోమని.

బెదిరింపు మెయిళ్లు

సబ్జెక్టులోనే మీ పాత పాస్‌వర్డు రాసి, "నీ కెమెరాలో నిన్ను రికార్డు చేశాను, బిట్‌కాయిన్ పంపు" అని మెయిల్ వస్తుంది. 2018 నుంచి ఇవి విపరీతంగా తిరుగుతున్నాయి. మామూలుగా వాడి దగ్గర ఉన్నది లీకైన జాబితాలోని ఆ పాస్‌వర్డు ఒక్కటే. జవాబు ఇవ్వకండి, డబ్బు పంపకండి. ఆ పాస్‌వర్డు ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చండి.

నిజంగా సున్నితమైన సమాచారం పోయినప్పుడు విషయం వేరు. ఫిన్లాండ్‌లో మానసిక చికిత్స కేంద్రాలు నడిపిన 'వస్తామో' అనే కంపెనీ నుంచి రోగుల రికార్డులు పోయాయి. 2020లో దొంగ కంపెనీని బెదిరించి ఊరుకోలేదు, రోగులకు విడివిడిగా మెయిళ్లు పంపి డబ్బు అడిగాడు. అలాంటిది మీకు ఎదురైతే ఒంటరిగా భరించకండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. మెయిల్‌ను చెరిపేయకుండా పోలీసులకు ఇవ్వండి, నమ్మకమైన ఒకరికి చెప్పండి. డబ్బు ఇచ్చినా కాపీ వాడి దగ్గరే ఉంటుంది.

కార్డు, గుర్తింపు పత్రాలు

కార్డు పూర్తి నంబరు పోతే కార్డు మార్చించుకోండి. కొత్తది వచ్చేలోగా ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు యాప్‌లో ఆపేయండి. చిల్లర మొత్తాల కోతలు కనిపిస్తే తీసిపారేయకండి, కార్డు పనిచేస్తోందో లేదో చూడడానికి దొంగలు ముందు చిన్న మొత్తమే లాగుతారు.

గుర్తింపు కార్డు నంబరో, దాని ఫొటోనో పోతే మీ పేరు మీద అప్పు తీసుకునే అవకాశం ఉంది. మీ దేశంలోని క్రెడిట్ బ్యూరోల నుంచి రిపోర్టు తీసి, మీరు అడగని లోన్లు, కార్డులు ఉన్నాయేమో చూడండి. ఒక్కసారి చూసి వదలకుండా రెండు మూడు నెలలకోసారి, కనీసం ఒక సంవత్సరం చూడండి. అన్ని బ్యూరోలకూ ఒకే సమాచారం చేరకపోవచ్చు కాబట్టి మార్చి మార్చి చూడడం మంచిది. క్రెడిట్ ఫ్రీజ్ సౌకర్యం ఉన్నచోట పెట్టించుకోండి. అది కొత్త అప్పులను ఆపుతుంది, ఇప్పటికే ఉన్న కార్డు దుర్వినియోగాన్ని ఆపదు.

ఇప్పటికే చెప్పేసి ఉంటే

నిమిషాలు లెక్క. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, కార్డు ఆపించండి. డబ్బు వెళ్లిన ఖాతాను అవతలి బ్యాంకు ఎంత తొందరగా ఆపితే తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ, ఎందుకంటే దొంగలు దాన్ని వెంటవెంటనే ఇతర ఖాతాల్లోకి చీల్చేస్తారు. స్క్రీన్ చూసే యాప్ పెట్టించుకుని ఉంటే ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి, పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి. అదే ఫోన్ నుంచి మారిస్తే కొత్త పాస్‌వర్డు కూడా వాడు చూస్తాడు. తర్వాత సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. మెసేజ్‌లు, కాల్ జాబితా, లావాదేవీ నంబర్లు స్క్రీన్‌షాట్ తీయండి. ఆ కోపంలో వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, అదే సాక్ష్యం.

కొన్ని రోజులకు "మీ డబ్బు తిరిగి తెచ్చిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అని ఇంకొకడు వస్తాడు. మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడుపోతాయి. ఒక్క పైసా కట్టకండి.

లీకైన వివరాల్లో మీ ఇంట్లోవాళ్ల నంబర్లు ఉంటే వాళ్లకు కూడా కాల్స్ వెళ్తాయి. "మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, వెంటనే డబ్బు పంపండి" అనేవి, మీ గొంతును పోలిన గొంతుతో వచ్చేవి కూడా. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక మాట ముందే అనుకుని పెట్టుకోండి. డబ్బు అడిగినవాళ్లు ఆ మాట చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి, మీ పాత నంబరుకే చేయమని పెద్దవాళ్లకు చెప్పండి. వాళ్లు మోసపోతే మందలించకండి. తిడతారన్న భయంతో దాచిపెట్టిన గంటల్లోనే డబ్బు చేతులు మారిపోతుంది.

చివరగా, ఏళ్లుగా తెరవని ఖాతాలు. "వెల్కమ్", "వెరిఫై యువర్ ఈమెయిల్" అని మెయిల్‌లో వెతికితే మీరు మర్చిపోయిన సైట్లన్నీ బయటపడతాయి. ఖాతా డిలీట్ చేసే ముందు లోపలికి వెళ్లి కార్డు, చిరునామా, ఫోన్ నంబరు తీసేయండి, అప్‌లోడ్ చేసిన పత్రాలు ఉంటే తొలగించండి. కొన్ని కంపెనీలు డిలీట్ అన్న ఖాతాను కూడా కొంతకాలం తమ సర్వర్లలో ఉంచుకుంటాయి. రోజుకు రెండు మూడు చొప్పున చేస్తే ఎంత పెద్ద జాబితా అయినా కొన్ని వారాల్లో ఖాళీ అవుతుంది.